ఇంటింటా ఇంగ్లీషు: మీరు ఎక్కడ ఉంటారండీ?



పోయినవారం 'బారో', 'లెండ్' గురించి చెప్పుకున్నాం. పక్కింటి నుంచి పంచదార తెచ్చుకోవటానికి ఒక మాట, పక్కింటికి పంచదార ఇవ్వటానికి ఇంకో మాట అని ఇప్పుడు మీకెవరికీ అనుమానం ఉండదనుకుంటాను. ఈవారం ఇంకా చిన్న మాట తీసుకున్నాను. మనం రోజూ వాడే మాటే. 'ఉండటం'.

"మీరు ఎక్కడ ఉంటారండీ?" అని ఎవరైనా తెలుగులో అడిగితే తడుముకోకుండా చెప్పేస్తాం. అదే ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే మనలో చాలామందిమి "ఐ యామ్ స్టేయింగ్ ఇన్ విజయవాడ" అంటాం. నాది ఇంటర్‌తో ఆగిపోయిన ఇంగ్లీషు. ఇరవై ఏళ్ళుగా నేనూ అలాగే అంటున్నాను, ఎవరూ తప్పు పట్టలేదు. చివరికి పట్టుకున్నదెవరో తెలుసా? ఐదో క్లాసుతో చదువు మానేసిన మా అమ్మ!

మా నాన్నగారు పోయి రెండేళ్ళవుతోంది. తెనాలి దగ్గర పల్లెలో మా ఇల్లు. అమ్మ ఒక్కతే అక్కడ ఉండలేదని ముందు భాగం అద్దెకిచ్చి, వెనక గదిలో సామానంతా పెట్టి తాళం వేశాం. అప్పటినుంచీ నాలుగు నెలలు బెంగుళూరులో అన్నయ్య దగ్గర, నాలుగు నెలలు నా దగ్గర. ఎటు వెళ్ళినా ఒక సూట్‌కేసు, ఒక గుడ్డసంచి. ఈసారి సంక్రాంతి వెళ్ళాక మా ఇంటికి వచ్చింది.

మా పక్క ఫ్లాటులోకి నాగపూర్ నుంచి ఒకావిడ కొత్తగా వచ్చారు. ఆవిడకి తెలుగు రాదు, నాకు హిందీ అంతంతమాత్రం. అందుకని ఇద్దరం ఇంగ్లీషులోనే నెట్టుకొస్తున్నాం. ఓరోజు నేను గోంగూర వలుస్తుంటే ఆవిడ వచ్చి, అమ్మని చూసి ఎవరని అడిగారు. "మై మదర్. షి ఈజ్ స్టేయింగ్ విత్ అజ్" అన్నాను. ఆవిడ నవ్వుతూ "ఫర్ హౌ మెనీ డేస్?" అన్నారు.

నేనేదో చెప్పి పంపించేశాను. ఆవిడ వెళ్ళాక అమ్మ మెల్లిగా అడిగింది. "అమ్మాయ్, స్టే అంటే ఏంటే? బస్టాండు దగ్గర లాడ్జీ బోర్డు మీద కూడా అదే మాట రాసుంటుంది కదా!"

గోంగూర వలుస్తున్న చెయ్యి ఆగిపోయిందంటే నమ్మండి.

స్టే వేరు, లివ్ వేరు

ఆ రాత్రి మా అమ్మాయి డిక్షనరీ తీసి చూశాను. విషయం ఇదీ.

మన తెలుగులో 'ఉండటం' అనే ఒక్క మాట అన్నిటికీ సరిపోతుంది. సొంతింట్లో ఉన్నా ఉండటమే, సత్రంలో ఉన్నా ఉండటమే. విడిగా చెప్పాలనుకుంటే మాత్రం మనకీ మాటలున్నాయి. పెళ్ళివారికి ఇచ్చేది విడిది. యాత్రకి వెళితే బస. పనిమీద వెళ్ళి నాలుగు రోజులుంటే మకాం. పెళ్ళై, పొయ్యి వెలిగించి, పాలు పొంగించి ఉండేది కాపురం. "విడిదింట్లో కాపురం ఉంటున్నాం" అని ఎవరూ అనరు కదా!

ఇంగ్లీషులో మొదటి మూడింటికీ 'స్టే' అంటే సరిపోతుంది. కాపురానికి 'లివ్' అనాలి. తిరుపతి వెళ్ళి కాటేజీలో రెండు రోజులుంటే 'స్టే'. చెల్లెలి ఇంటికి వెళ్ళి వారం ఉంటే 'స్టే'. మన బట్టలు, మన వంటసామాను, మన రేషన్ కార్డు ఉన్న చోటు 'లివ్'. మా అమ్మాయి గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తను చెప్పాల్సింది "ఐ లివ్ ఇన్ విజయవాడ, ఐ స్టే ఇన్ ఎ హాస్టల్ ఇన్ గుంటూర్" అని. హాస్టల్ ఎన్నేళ్ళున్నా విడిదే, ఇల్లు ఇల్లే.

అలాగని 'స్టే' అన్నవాళ్ళందరికీ ఇంగ్లీషు రాదనుకోకండి. మన దేశమంతటా ఈ వాడుక ఉంది. స్కాట్లండులో, దక్షిణాఫ్రికాలో కూడా కాపురం ఉండే చోటుకి 'స్టే' అనేస్తారు. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు ఏ ఇబ్బందీ రాదు. తేడా తెలిసినవాళ్ళతో మాట్లాడినప్పుడే చిక్కు. మా పెద్దమ్మ కూతురు అమెరికా వెళ్ళిన కొత్తలో, పార్కులో పరిచయమైన ఒకావిడని "వేర్ డూ యూ స్టే?" అని అడిగిందట. ఆవిడ తెల్లబోయి, "నేను హోటల్లో ఎందుకుంటాను, నాది ఈ ఊరే" అందట!

ఇంకో సంగతి. కూతురి పురుటికని అమెరికా వెళ్ళే తల్లులు మనలో చాలామంది ఉన్నారు. అది విజిటర్ వీసా, అంటే చుట్టపుచూపు వీసా. అడిగినవాళ్ళు అక్కడే ఉండిపోవటానికి రావటం లేదని రుజువు చూపించాలి, అంతవరకూ ఉండిపోతారనే అనుకోవాలి అని వాళ్ళ చట్టంలోనే ఉంది. అలాంటి చోట "ఐ విల్ లివ్ విత్ మై డాటర్" అంటే అక్కడే కాపురం పెట్టేస్తానన్నట్టు వినిపిస్తుంది. అక్కడ చెప్పాల్సింది "ఐ విల్ స్టే విత్ మై డాటర్ ఫర్ త్రీ మంత్స్. ఐ లివ్ ఇన్ విజయవాడ" అని. చూశారా, ఒక చోట తప్పైన మాటే ఇంకో చోట ఒప్పు. ఉప్పు అన్నిట్లోనూ వేస్తాం, పాయసంలో వేయం కదా!

మాట పుట్టుక చూస్తే

నాకు భలే నచ్చిన సంగతి ఒకటి చెబుతాను. 'స్టే' అన్న మాట వెనక్కి వెళితే లాటిన్ భాషలో 'నిలబడటం' అనే మాట దగ్గర తేలుతుంది. ఫారాల్లో కనిపించే 'రిసైడ్' అన్న మాటకి మూలం 'కూర్చోవటం'. ఇక 'లివ్' సరేసరి, బతకటం. నిలబడితే స్టే, కూర్చుంటే రిసైడ్, బతికితే లివ్. ఇలా గుర్తుపెట్టుకుంటే ఇక మరిచిపోరు.

'డ్వెల్' అని ఇంకో మాట ఉంది. పాత ఇంగ్లీషులో దానికి దారి తప్పించటం, ఆలస్యం చేయటం అని అర్థం. ఆ తర్వాత ఆగిపోవటం అయింది, ఆగిపోయి ఆగిపోయి చివరికి కాపురం ఉండటం అయింది. ఇప్పుడిది మాటల్లో వాడరు. దస్తావేజుల్లో 'డ్వెలింగ్ హౌస్' అని కనిపిస్తుంది, నివాసగృహం అని అర్థం. 'డ్వెల్ ఆన్' అంటే మాత్రం జరిగిపోయినదాన్ని పట్టుకుని అక్కడే తిరుగుతూ ఉండటం. ఆడపడుచు పదేళ్ళ కిందట అన్న మాటని ఇంకా తలుచుకుంటూ కూర్చుంటామే, అదన్నమాట!

'ఇన్‌హాబిట్' అన్నది మనుషులకైనా జంతువులకైనా ఒక చోటుని నివాసం చేసుకోవటానికి వాడతారు. దీని తర్వాత 'ఇన్' పెట్టకూడదు. "టైగర్స్ ఇన్‌హాబిట్ ది ఫారెస్ట్" అంటే చాలు. ఇందులో ఒక గమ్మత్తుంది. 'ఇన్‌హాబిటబుల్' అంటే ముందు 'ఇన్' చూసి ఉండటానికి పనికిరాని ఇల్లు అనుకుంటాం. కాదు, పనికొచ్చే ఇల్లనే అర్థం. పనికిరానిదైతే 'అన్‌ఇన్‌హాబిటబుల్'. అద్దె కాగితాలు చదివేటప్పుడు జాగ్రత్త.

వాడేటప్పుడు నాలుగు జాగ్రత్తలు

ఒకటి, పలకటం. 'లివ్' అని పొట్టిగా అనాలి. 'లీవ్' అని సాగదీస్తే వెళ్ళిపోవటం అవుతుంది. "ఐ లీవ్ ఇన్ గుంటూర్" అన్నామంటే ఎదుటివాళ్ళు అయోమయంలో పడతారు. అక్షరాలు అవే అయినా టీవీలో క్రికెట్ మ్యాచ్ వచ్చేటప్పుడు పక్కన రాసేదాన్ని 'లైవ్' అని చదవాలి.

రెండు, వెనక వచ్చే చిన్నమాట. ఊరికి 'ఇన్', ఇంటి నంబరుకి 'ఎట్', ఎవరితో అని చెప్పటానికి 'విత్'. "ఐ లివ్ ఇన్ తెనాలి. ఐ లివ్ ఎట్ నంబర్ ట్వెల్వ్. ఐ లివ్ విత్ మై ఇన్‌లాస్." ఇక 'లివ్ ఆన్' అంటే దేనిమీద ఆధారపడి బతుకుతున్నామో చెప్పటం. "షి లివ్స్ ఆన్ హర్ పెన్షన్" అంటే పెన్షను మీద బతుకుతోందని, పెన్షను కాగితం మీద కూర్చుందని కాదు!

మూడు, ఎన్నేళ్ళుగా అని చెప్పటం. "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ట్వెంటీ ఇయర్స్" అంటూ ఉంటాం. అందులో రెండు తప్పులున్నాయి. "ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ ట్వెంటీ ఇయర్స్" అనాలి. ఇన్నేళ్ళుగా అని లెక్క చెబితే 'ఫర్'. ఫలానా ఏడాది నుంచి అని చెబితే 'సిన్స్'. "సిన్స్ 2004" అన్నట్టు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. తెలుగులో 'ఉంటున్నాను' అనే అలవాటుతో మనం ప్రతిదానికీ 'ఇంగ్' తగిలిస్తాం. "ఐ లివ్ ఇన్ విజయవాడ" అంటే నా కాపురం అక్కడే. "ఐ యామ్ లివింగ్ ఇన్ విజయవాడ" అంటే ప్రస్తుతానికి ఇక్కడున్నాను, రేపేమవుతుందో తెలియదు అన్న ధ్వని వస్తుంది. మా అమ్మ గురించి నేనన్న మాట చూడండి. 'స్టే' అన్నాను, దానికి 'ఇంగ్' కూడా తగిలించాను. వచ్చిపోయే మనిషి అని రెండుసార్లు చెప్పినట్టయింది. పక్కింటావిడ 'ఎన్నాళ్ళు' అని అడగటంలో ఆవిడ తప్పేముంది?

చట్టంలో కూడా ఇదే మాట

ఇంత చిన్న తేడాకి ఇంత రాద్ధాంతమా అనుకుంటున్నారేమో. ఈ మాటల మీద ఆడవాళ్ళ నీడ ఆధారపడి ఉందంటే నమ్ముతారా?

2005లో వచ్చి, 2006 అక్టోబరు నుంచి అమలైన గృహహింస చట్టం పేరు మీరు వినే ఉంటారు. అందులో 17వ సెక్షను ఆడవాళ్ళకి ఇచ్చిన హక్కు 'రిసైడ్' చేసే హక్కు. అంటే కుటుంబంతో కలిసి ఉన్న ఇంట్లో ఉండే హక్కు. ఇల్లు ఆమె పేరున ఉండాల్సిన పని లేదు. చట్టప్రకారం జరగాల్సిన పద్ధతిలో తప్ప ఆమెని బయటికి పంపటానికి వీల్లేదు. గుర్తుంచుకోండి, ఇది ఉండటానికి హక్కే గాని ఇంటిమీద ఆస్తి హక్కు కాదు. ఇది ఇల్లాలికి మాత్రమే కాదు, ఆ ఇంట్లో కలిసి ఉన్న తల్లికీ, అక్కచెల్లెళ్ళకీ కూడా వర్తిస్తుంది.

మరి ఏ ఇంట్లో? ఆమె 'లివ్' చేస్తున్న ఇంట్లో, లేదా ఎప్పుడైనా 'లివ్' చేసిన ఇంట్లో అని ఆ చట్టం రాసుకుంది. 'స్టే' అని రాయలేదు. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు దీన్నే విడమరిచి చెప్పింది. కోడలు కాపురం ఉన్న ఇల్లు మామగారి పేరున ఉన్నా, అది ఈ చట్టం కిందికి రావచ్చంది. ఆ ఉండటంలో స్థిరత్వం మాత్రం కనిపించాలి, అప్పుడో రోజు ఇప్పుడో రోజు వచ్చి ఉండిపోయిన ఇళ్ళన్నీ లెక్కలోకి రావు అని కూడా చెప్పింది. మా అమ్మకి లాడ్జీ బోర్డు చూసి తోచిన తేడాయే, అంత పెద్ద కోర్టు చెప్పిన తేడా!

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకి 2007లో ఒక చట్టం వచ్చింది. పోషణ అంటే తిండి, బట్ట, వైద్యం మాత్రమే కాదు, నివాసం కూడా అని అందులో స్పష్టంగా ఉంది. అంటే అన్నం పెట్టి, మందులు కొనిచ్చినంత మాత్రాన అయిపోలేదు. వాళ్ళకి ఉండే చోటు ఉండాలి.

మళ్ళీ మా ఇంటికి వస్తే

మా అమ్మకి చోటు లేదని నేనెప్పుడూ అనుకోలేదు. ఒక గది ఇచ్చాం. మంచం, ఫ్యాను అన్నీ ఉన్నాయి. అయితే ఆ మాట విన్న మర్నాడు గదిలోకి వెళ్ళి చూశాను. వచ్చి నెలన్నర అయినా చీరలు ఇంకా సూట్‌కేసులోనే ఉన్నాయి. పౌడరు డబ్బా, దువ్వెన, మందులు గుడ్డసంచిలో. బీరువా నిండా మావారి పాత ఫైళ్ళూ, మా అమ్మాయి పాత పుస్తకాలూ. నెలన్నర నుంచి అమ్మ సంచిలోంచి తీసుకుని, సంచిలో పెట్టుకుంటోంది. రోజూ ఆ గది తుడుస్తున్నాను కదా, నాకు కనపడలేదు.

"ఏంటమ్మా ఇది, బీరువాలో పెట్టుకోవచ్చుగా?" అన్నాను.

"నాలుగు నెలలకి అదెందుకమ్మా? మళ్ళీ సర్దుకోవద్దూ? అయినా అల్లుడిగారింట్లో బీరువాలు ఆక్రమించుకుంటే బాగుంటుందా?" అంది.

కూతురింట్లో ఉండకూడదు, ఉన్నా కుర్చీ అంచున కూర్చున్నట్టు ఉండాలి అని ఆవిడ కాలంవాళ్ళ పట్టింపు. ఆ పట్టింపుకి నా 'స్టేయింగ్' తోడయింది. అక్కడ అన్నయ్య దగ్గరా ఇదే వరస. రెండిళ్ళల్లోనూ స్టే, ఎక్కడా లివ్ లేదు. తాళం వేసిన ఆ వెనక గదొక్కటే ఆవిడది.

ఆ ఆదివారం మావారితో చెబితే, ఆయన మారు మాట్లాడకుండా ఫైళ్ళన్నీ అటక మీద పెట్టారు. బీరువాలో రెండు అరలు ఖాళీ చేసి, కొత్త కాగితాలు పరిచాను. అన్నయ్యకి ఫోన్ చేసి మాట్లాడాను. ఇకనుంచి అమ్మ ఎక్కడుండాలో క్యాలెండరు చూసి మేం చెప్పటం కాదు, తనకి ఎక్కడ ఉండాలనిపిస్తే అక్కడుంటుంది అనుకున్నాం. నిజం చెప్పొద్దూ, అన్నయ్య మొదట కాస్త నొచ్చుకున్నాడు. "నేను సరిగ్గా చూడటం లేదనా?" అన్నాడు. అది కాదని చెప్పటానికి అరగంట పట్టింది.

అమ్మ మాత్రం వెంటనే సర్దుకోలేదు. మూడు రోజులు అరలు ఖాళీగానే ఉన్నాయి. నేను అడగలేదు. నాలుగోరోజు ఊరు తీసుకెళ్ళమంది. ఆ వెనక గది తాళం తీసి, తన ఇత్తడి కాఫీ ఫిల్టరు, రెండు జాడీలు, నాన్నగారి ఫోటో తెచ్చుకుంది. వచ్చిన రోజు సాయంత్రం చూస్తే చీరలు అరలో ఉన్నాయి.

తర్వాత పెన్షను కోసం లైఫ్ సర్టిఫికెట్ కాగితం నింపాల్సి వచ్చింది. పేరు రాశాను. 'రిసైడింగ్ ఎట్' అన్న చోట ఆగి, "ఏ అడ్రసు రాయమంటావమ్మా?" అని అడిగాను. కాసేపు ఊరుకుంది. "ఉత్తరాలు ఇక్కడికే రానీలే" అంది. మా డోర్ నంబరు రాశాను.

మొన్న పక్కింటావిడ మళ్ళీ వచ్చారు. ఈసారి నేను సరిగ్గానే అన్నాను. "మై మదర్ లివ్స్ విత్ అజ్." ఆవిడ "గుడ్, గుడ్" అన్నారు. ఇంతలో వంటింట్లోంచి అమ్మ కేక. "అమ్మాయ్, నా ఫిల్టరు ఎవరు తీశారే? చోటు మార్చొద్దని చెప్పానా లేదా?" చుట్టపుచూపుకి వచ్చినవాళ్ళు అలా కేకలెయ్యరు కదండీ!

మీరూ ప్రయత్నించండి

కింది వాక్యాలు ఇంగ్లీషులో చెప్పి చూడండి. జవాబులు పక్కనే ఇచ్చాను, చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పుకోండి.

1. మేం కాకినాడలో ఉంటాం. జవాబు: వియ్ లివ్ ఇన్ కాకినాడ.

2. పెళ్ళికి వెళ్ళి పిన్నిగారింట్లో రెండు రోజులున్నాం. జవాబు: వియ్ స్టేడ్ విత్ మై ఆంట్ ఫర్ టూ డేస్.

3. ఈ ఇంట్లో పదేళ్ళుగా ఉంటున్నాం. జవాబు: వియ్ హావ్ లివ్డ్ ఇన్ దిస్ హౌస్ ఫర్ టెన్ ఇయర్స్.

4. మా అత్తగారు మా దగ్గర ఉంటారు. దీనికి జవాబు నేను ఇవ్వను. 'స్టేస్' అనాలో, 'లివ్స్' అనాలో మీ ఇంట్లో బీరువా ఒకసారి చూసి మీరే చెప్పండి.

వచ్చేవారం 'సే', 'టెల్' గురించి చెప్పుకుందాం. అంతవరకూ సెలవు.